చాయ్ జాలి, పగడపు రాయి

హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర మా ఇంట్లో మెస్సు నడిపే రోజులవి. మాదాపూర్ వైపు అద్దాల ఆఫీసులు లేస్తున్నాయి. అక్కడ పనిచేసే కంప్యూటర్ పిల్లలు మా వసారాలో బల్లల మీద కూర్చుని తినేవారు. అన్నంలో వెంట్రుక కనిపిస్తే చాలు, మరునాడే పక్క వీధి మెస్సుకు పోతారు. అందుకే నాకు శుభ్రమంటే పిచ్చి.

మేడ మీది గదిలో కడప అమ్మాయి ఒకతె కిరాయికి ఉండేది. యూనివర్సిటీలో సముద్రపు పురుగుల చదువు. ఒకసారి రామేశ్వరం వైపు పోయి, మూత బకెట్లో ఉప్పునీళ్లు, అందులో ఒక పగడపు రాయి తెచ్చింది. నీళ్లలోకి బుడగలు వదిలే చిన్న మిషను పెట్టింది. రాయిలోంచి మెటికలు విరిచినట్టు టప్పు టప్పుమని చప్పుడు.

"చిన్న రొయ్య పెద్దమ్మా, కొండితో అట్ల కొడ్తాది" అంది నవ్వుతూ. నాకు ఒళ్లు జలదరించింది.

మరునాడు పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నానికీ రాలేదు. మిషను ఆగింది. పిల్లలు తినడానికి కూర్చోగానే మెట్ల మీది నుంచి కంపు దిగింది. నాచు, కుళ్లిన రొయ్యపొట్టు కలిసిన కంపు.

"పిన్నిగారూ, సాంబార్లో ఎండుచేపలేమైనా వేశారాండి?" అని భీమవరం అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. పక్కవాడు ప్లేటు నెట్టేశాడు.

కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకి పోయాను. ఊపిరాడక ఆ రాయి బొక్కల్లో దాగినవన్నీ బయటికొచ్చాయి. గోరంత పీతలు బకెట్ అంచు ఎక్కుతున్నాయి. లోపలి పేగు కనబడే గాజురొయ్యలు. జీలకర్రలా వంకర తిరిగినవి, పేనులా చదునైనవి, చీపురుపుల్ల ముక్కకు కాళ్లు మొలిచినట్టున్నవి. ఒకదాని పొట్ట కింద గుత్తులుగా గుడ్లు.

"అన్నీ వేరే వేరే జాతులు పెద్దమ్మా. కుళ్లకముందే సీసాల్లో ఎయ్యాల. లేకుంటే నా చదువు పాయె" అని ఏడ్చింది.

"ఒక్క రాయిల ఇన్ని తీర్ల పురుగులా, థూ! ముందుగాల ఇవి పోవాలె, లేకుంటే నా మెస్సు పోతది. జర జరుగు!"

కింద నుంచి చాయ్ జాలి తెచ్చి వడగట్టాను. ఆమె ఒక్కొక్కటీ ఏరి, పీతలు ఒక సీసాలో, రొయ్యలు ఒక సీసాలో, మిగతావి వేరువేరుగా స్పిరిట్‌లో వేసింది. కొన్ని జాలి అల్లికలో ఇరుక్కుని కాళ్లాడించాయి. పని అయ్యాక జాలిని పెరట్లో చెత్తబుట్టలో పడేసి, ఒళ్లంతా సున్నిపిండి పెట్టి రుద్దుకుని స్నానం చేశాను.

బయటికి వచ్చేసరికి మా ఆయన, సాయంత్రం తిరిగొచ్చిన పిల్లలకు చాయ్ పోస్తున్నాడు.

"మంచి స్టీలు జాలి చెత్తలేసినవేందే? కడిగి వాడిన."

భీమవరం అబ్బాయి నాలుక మీంచి సన్నటిదేదో తీసి వెలుతురుకు పట్టాడు. "ఇదేంటండీ?"

అది కాలు.

"తాగకున్రి! ఆ జాలితోనే సముద్రపు పురుగులు వడగట్టిన!" అని అరిచాను. అందరూ కక్కుకోను మురికినీళ్ల మోరీ దగ్గరికి ఉరికారు. వాళ్ల పక్కన నేనూ.

మరునాడు భీమవరం అబ్బాయి ఒక్కడే వచ్చాడు. పప్పును ప్లేటు అంచుకు పరిచి, ఒక్కో జీలకర్ర గింజను తిప్పి చూశాడు.

"జీలకర్రే బిడ్డా."

"కాళ్లు లేవు లెండి" అని కలుపుకున్నాడు. "పక్క మెస్సులో అయితే చెప్పేవాళ్లు కూడా కాదండి."

మెల్లగా మిగతావాళ్లూ తిరిగొచ్చారు. నాకే ముద్ద దిగలేదు. వాళ్లు వచ్చేసరికి మా పోపులో జీలకర్ర లేదు.