మిగిలిన బరువు

కొండకి ఇటొక విమానాశ్రయం, అటొకటి. విమానాశ్రయం అంటే పెద్ద మాట. రేకుల షెడ్డు, రన్‌వే, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం, అంతే. రెంటికీ మధ్య గాల్లో నూట పది కిలోమీటర్లు, అరగంట ప్రయాణం. రోడ్డున పోతే కొండ చుట్టూ రెండు రోజులు. వానలకి కొండ విరిగిపడితే ఆ రోడ్డూ ఉండదు. ఇప్పుడు లేదు.

ఇటు షెడ్డులో పనిచేసే ఆవిణ్ణి అందరూ తూకం వదిన అంటారు. తొమ్మిది సీట్ల బుల్లి విమానం కాబట్టి సామానుతో పాటు మనుషుల్నీ కాటా ఎక్కించాల్సిందే. కొందరు ఊపిరి బిగబట్టి నిలబడతారు, దాంతో బరువు తగ్గుతుందన్నట్టు. "వదలండి సార్, గాలికి మేం బరువు కట్టం" అంటుంది వదిన.

సిబ్బందికి ప్రయాణం ఉచితం. కాకపోతే అందరూ ఎక్కాక, సామాను ఎక్కాక, ఇంకా బరువు మిగిలితేనే. కొనుక్కుందామంటే టికెట్లన్నీ గని కంపెనీ ముందే పట్టేసుకుంటుంది. రోడ్డు బాగుచెయ్యరేం అని అడిగితే విమానం ఉందిగా అంటారు పెద్దలు. ఎవరికి ఉందో మాత్రం చెప్పరు.

అవతలి ఊరి ఆసుపత్రిలో వదిన చెల్లెలు పురిటికి చేరింది. బిడ్డ అడ్డం తిరిగింది. రేపు ఆపరేషన్. తల్లి లేదు. మొగుడికి గనిలో సెలవివ్వలేదు. అక్క వచ్చేదాకా బల్ల ఎక్కనని మొండికేసింది. వారం నుంచీ వదిన సంచి సర్దుకుని డ్యూటీకి వస్తోంది, ఆ సంచితోనే ఇంటికి పోతోంది.

ఆ ఉదయం ఒక సీటు మిగిలింది. బరువు యాభై కిలోలు మిగిలింది. వదిన కాటా ఎక్కింది. సంచి కింద పెట్టేసింది. చెప్పులు, స్వెట్టరు విప్పింది. అయినా ముల్లు యాభై మూడు దగ్గరే ఆగింది.

"జడ కత్తిరించెయ్ వదినా, సరిపోతుంది" అన్నాడు సామాన్లు ఎక్కించే కుర్రాడు, నవ్వించాలని. వదిన అతన్ని మరిదీ అనే పిలుస్తుంది. ఆవిడ మొహం చూసి పెట్టెలు ఎత్తడానికి పోయాడు.

వదిన గని మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన అట్టపెట్టెల్లో ఉన్నవి బంగళా స్నానాలగది గోడలకి అతికించే పలకలు. "ఒక్క పెట్టె రేపు పంపిస్తాను సార్. చెల్లెలికి ఆపరేషన్."

"అక్కడ మేస్త్రీ కాచుక్కూచున్నాడమ్మా. రేపు నువ్వే వెళ్లు, ఎలాగూ ఇక్కడే ఉంటావుగా."

పైలట్‌ని అడిగింది. "మూడు కిలోలేగా సార్."

"అవతలి రన్‌వే పొట్టిది, పైగా తడిసి ఉంది. నీకు తెలియంది కాదు."

తెలుసు. అదే మాట చెప్పి తనే ఎంతమందిని ఆపిందో. విమానం చక్రాలకి అడ్డుపెట్టిన చెక్కలు తీసే పని కూడా ఆవిడదే. వంగి తీసింది.

ఆమె మూడు కిలోల గురించి షెడ్డులో ప్రతివాడూ మాట్లాడాడు. పలకలు నలభై కిలోలు. వాటి మీద ఎవరూ నోరెత్తలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. "అక్కా, విమానం చప్పుడైంది. దిగావా?"

"లేదే. బరువెక్కువైంది."

"ఎవరికి, నీకా?" చెల్లెలు నమ్మలేదు. "పుల్లలా ఉంటావు కదే."

"నాకే. రేపటి విమానం వచ్చేదాకా ఆగమని డాక్టరమ్మకి చెప్పు."

"చెప్తాను. వింటుందో లేదో."

మధ్యాహ్నం మరిది ఆవిడ అన్నం డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. వదిన మూత కూడా తియ్యకుండా అతని వైపు తోసింది.

"నువ్వు తినెయ్ మరిదీ. నాకు రేపటిదాకా వద్దు."