వైరు పీకినా నడిచిన డబ్బా

మొన్న ఆదివారం నా తెలివి పుణ్యాన తాండూరుల మా అమ్మ గ్యాస్ సిలిండర్ తీసి వాకిట్ల పెట్టుకున్నది. నేనేమో వికారాబాద్‌ల మా ఇంట్ల కుర్చీల కూసున్న. నడుమ నలభై కిలోమీటర్లు. ఎట్ల జరిగిందో చెప్త. నవ్వుండ్రి గాని జర మెల్లగ నవ్వుండ్రి. మా ఆయన మల్లేశం పక్క రూముల్నే ఉన్నడు, ఇన్నడంటె మళ్ళ మొదలువెడ్తడు.

నేను లెక్కల టీచర్‌ను. స్కూల్ల ప్రొజెక్టర్ మొరాయించినా, ఆఫీసు ప్రింటర్ కాగితం మింగినా నన్నే పిలుస్తరు. ఆ పేరు తలకెక్కి, మూడేండ్ల కింద ఇంట్ల ఒక స్టోరేజ్ సర్వర్ పెట్టిన. సర్వర్ అంటె పెద్దదేమో అనుకోకుండ్రి. స్వీటు డబ్బాలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితె ఎంతుంటదో అంత, లోపల రెండు హార్డ్ డిస్కులు. ఇంట్లోల్ల ఫోన్లల్ల దిగిన ఫోటోలు, వీడియోలు అన్ని అండ్లకు పోయి కూసుంటయి. మా ఇంట్ల దాన్ని సర్వర్ అని ఎవ్వరనరు. డబ్బా అంటరు.

అసొంటిదే ఇంకో డబ్బా ఎండాకాలంల కొని తాండూరుల మా అమ్మ ఇంట్ల పెట్టిన. ఇక్కడిది ఖరాబైతె అక్కడ నకలు ఉండాలె అని. పెట్టిన గాని, నకలు తీసుడు మాత్రం వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంట నెలలు గడిపిన. దానికి కరెంటుంది, ఇంటర్నెట్టుంది, లోపల ఖాళీ.

మా డబ్బాల అన్నిటికన్న విలువైంది ఒక్కటే. మా మామయ్య, అంటె మల్లేశం వాల్ల నాయిన గొంతు. ఆయన బతికినన్ని రోజులు బంట్వారం దిక్కు గొర్లు కాసిండు. పోయి రెండేండ్లయింది. పోకముందు ఒకనాడు పొద్దుగూకే యాల్లకు గొర్లను దొడ్డికి పిలుస్తుంటె మల్లేశం ఫోన్ల రికార్డ్ చేసిండు. నాలుగు నిమిషాలు. సగం పిలుపు, సగం ఒక మొండి గొర్రెను తిట్టుడు. ఆ ఫోన్ తర్వాత బాయిల వడ్డది. డబ్బాల ఉన్నదొక్కటే మిగిలింది. మా అత్తమ్మ రోజు పొద్దున చాయ్ తాగుకుంట టీవీల అది పెట్టించుకొని ఇంటది. తిట్లు వచ్చే జాగల నవ్వుతది.

ఇగ నా ఘనకార్యం. రెండో శనివారం, సెలవు. మధ్యాహ్నం తిని కూసుంటె, డబ్బా కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ బీటా ఇడిసిందని మెసేజ్ వచ్చింది. బీటా అంటె ఇంకా పరీక్షల్ల ఉన్న సరుకు. తప్పులుంటె మీరే చెప్పుండ్రి అని ముందుగాల జనాలకిస్తరు. మనిషి పేరు కొడితె చాలు, వాల్ల ఫోటోలన్ని ఏరి ముందర పెడ్తదట. నాకు చెయ్యి ఆగలే. కింద ఎర్రటి అక్షరాలల్ల రాసిన్రు, 'మీకు ముఖ్యమైన ఫైళ్లు ఉన్న మిషన్‌లో దీన్ని వేయకండి' అని. దాని పక్కన చిన్న గడి, 'నాకు అర్థమైంది' అని. పిల్లలకు రోజు చెప్త, ప్రశ్న మొత్తం చదివినంకనే జవాబు రాయుండ్రి అని. నేను గడిల టిక్కు పెట్టి ఇన్‌స్టాల్ నొక్కిన.

ఇరవై నిమిషాలకు మళ్ళ లాగిన్ కమ్మన్నది. డబ్బాకు నేను పెట్టిన పేరు 'మనఇల్లు'. ఆ పేరు కనవడ్డది, నొక్కిన, పాస్‌వర్డ్ కొట్టిన. లోపల చూస్తె ఫోటోలు సున్న. వీడియోలు సున్న. డిస్కు మొత్తం ఖాళీ అని పచ్చ రంగుల చూపిస్తున్నది, అదేదో శుభవార్త అయినట్టు.

సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూస్తె పాతదే ఉన్నది. అప్‌డేట్ సగంల ఆగిందేమో అనుకొని మళ్ళొకసారి అప్‌డేట్ నొక్కిన. అది అయినంక రీస్టార్ట్ కొట్టిన. నా ముందలున్న డబ్బా ఉలుకలే పలుకలే. లైటు కూడ మినుక్కుమనలే. గంతలనే అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, నువ్వు పెట్టిపోయిన డబ్బా ఇప్పుడే కుయ్ అన్నది. లైట్లన్ని ఆరి మళ్ళ వెలిగినయి."

"కరెంటు పోయి వచ్చినట్టుంది తీ అమ్మా. నేను పనిల ఉన్న, మళ్ళ చేస్త."

"ఫ్యాను తిరుగుతనే ఉన్నది గదనే."

"అమ్మా, మళ్ళ చేస్తనంటి గద."

పెట్టేసిన. సాయంత్రం దాక కేబుళ్ళు మార్చిన, మూత ఇప్పి దుమ్ము దులిపిన, డిస్కులు తీసి మళ్ళ పెట్టిన. సున్న సున్ననే. మల్లేశం డ్యూటీ నుంచి వచ్చిండు. ఆయన పశువుల దవాఖానల పని చేస్తడు, ఏ జీవానికి ఏమైందో మొకం చూసి చెప్తడు. నా మొకం చూసిండు.

"ఎంత పోయింది?" అన్నడు.

"మొత్తం."

"నాయినది?"

తల ఊపిన. ఆయన చెప్పులు ఇడవకుండనే కుర్చీల కూసున్నడు. తిడితె బాగుండు అనిపించింది.

ఆదివారం పొద్దున అత్తమ్మ చాయ్ గిలాస పట్టుకొని టీవీ ముందల కూసున్నది. ఇగ దాయనీకి లేదు. "అత్తమ్మా, డబ్బా ఖరాబైంది. నా వల్లనే అయింది. మామయ్యది ఇయ్యాల రాదు" అన్న.

ఆమె నా దిక్కు చూసి, "రెండేండ్ల కింద పోయినోడు మళ్ళ ఎక్కడికి పోతడే పద్మా. నిమ్మలంగ ఎతుకు, దొరుకుతడు" అన్నది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఈ లోపల మల్లేశం అక్కకు సంగతి చెప్పినట్టున్నడు. యాదమ్మ వదినె పరిగి నుంచి మొదటి బస్సుకే దిగింది. ఎవరన్న పోతె పలకరియ్య వచ్చినట్టే వచ్చింది. చేతుల అరటిపండ్లు. వచ్చి డబ్బా పక్కనే కూసోని, గొంతు తగ్గించి, "ఎట్లయింది పద్మా? మొన్న నేను వచ్చినప్పుడు మంచిగనే ఉండె గదా" అన్నది.

"నిన్న మధ్యాహ్నం దాక మంచిగనే ఉండె వదినా."

"ఎన్నేండ్లది?"

"మూడు."

"పాపం" అని డబ్బా మీద చెయ్యేసింది.

నాకు రోషం వచ్చింది. తప్పు నాది గాదు, బీటాది అని నిరూపించాలె. డబ్బా వైరు గోడల నుంచి పీకి పారేసిన. పీకినంక లాప్‌టాప్ దిక్కు చూస్తె, సర్వర్ ఆన్‌లైన్‌ల ఉన్నదని పచ్చ చుక్క వెలుగుతనే ఉన్నది. దొరికిన్రు అనుకున్న. కంపెనీ వాల్ల ఫోరంల పెద్ద రిపోర్టు రాసిన. మీ బీటా మా ఇంటి ఫైళ్ళన్ని తినేసింది, అదొక్కటే గాదు, అబద్ధం కూడ ఆడుతున్నది, కరెంటు వైరు పీకి చేతుల పట్టుకున్నంక కూడ సర్వర్ నడుస్తున్నదని చూపిస్తున్నది అని రాసిన. వైరు చేతుల పట్టుకొని ఫోటో దిగి అది కూడ పెట్టిన.

అర్ధగంటల జవాబొచ్చింది, ఇంగ్లీషుల, మస్తు మర్యాదగ. 'మేడమ్, మీ రిపోర్టు మా టీమ్ అంతా చదివాం. కరెంటు లేకుండా మా మిషన్ ఎలా నడుస్తోందో మాకూ తెలుసుకోవాలని ఉంది. మీ దగ్గర ఇలాంటిది ఇంకొకటి ఉందా?'

నేను తిరిగి రాసిన: 'నేను పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. నా ముందున్నవి ఎన్నో లెక్కపెట్టగలను. ఒక్కటే ఉంది.'

'అయితే స్క్రీన్ మీద లొకేట్ అనే బటన్ నొక్కండి. మీరు చూస్తున్న మిషన్ శబ్దం చేస్తుంది. ఆపే దాకా ఆగదు' అని కంపెనీ ఆయన రాసిండు.

వైరు మళ్ళ పెట్టి, డబ్బా మొత్తం ఆన్ అయ్యేదాక అయిదు నిమిషాలు ఆగి, లొకేట్ నొక్కిన. వదినె, నేను ఇద్దరం చెవులు డబ్బాకు ఆనిచ్చినం. చప్పుడు లేదు. ఓహో, దీని గొంతు కూడ పోయిందన్న మాట అనుకొని, ఇంకో తప్పు దొరికిందని సంబురంగ దాన్ని కూడ రిపోర్టుల కలుపుతున్న. నడుమ అమ్మ ఫోన్. కట్ చేసిన. మళ్ళ ఫోన్. కట్ చేసిన. ఇట్ల మూడుసార్లయింది. రిపోర్టు మస్తు పొడుగు అయింది, గంట పట్టింది.

అప్పుడు మల్లేశం తన ఫోన్ పట్టుకొని ఉరికొచ్చిండు. "పద్మా, తాండూరు నుంచి మీ అమ్మ. ఇంట్ల గ్యాస్ లీకైతున్నదట."

ఫైళ్ళు, బీటా అన్ని మర్చిపోయిన. స్పీకర్ పెట్టి, "అమ్మా, ముందు బయటికి రా. స్విచ్చులు ముట్టకు" అన్న.

"బయటనే ఉన్న తియ్యే. నువ్వేమో ఫోన్ ఎత్తవాయె. గంట సేపటి సంది కూస్తనే ఉన్నది. పక్కింటి కన్నడామె ఇని, గ్యాస్ లీకైతె గిట్లనే కూస్తదట, వాల్ల కొడుకింట్ల అసొంటి మిషన్ ఉన్నదట అన్నది. ఇద్దరం పట్టి సిలిండర్ తీస్కొచ్చి వాకిట్ల బండల మీద పెట్టినం. అయినా ఆగుతలేదు."

"వాసనొస్తుందా?"

"వాసన లేదు ఏం లేదు. కూతనే."

"అమ్మా, మనింట్ల గ్యాస్ మిషన్ యాడిదే? ఏది కూస్తున్నది?"

"ఏదంటవేందే? నువ్వు పెట్టిపోయిన డబ్బా. నిన్నటి సంది చెప్తనే ఉంటి."

అప్పుడు ఇనవడ్డది. అమ్మ మాటల ఎనక, సన్నగ, కుయ్ కుయ్ కుయ్ అని.

నేను లాప్‌టాప్ దిక్కు చూసిన. లొకేట్ బటన్ ఎర్రగ మారి ఉన్నది, 'ఆపు' అని. మెల్లగ దాన్ని నొక్కిన. ఫోన్ల కూత ఆగింది.

"ఆ, ఆగింది బిడ్డా" అన్నది అమ్మ.

మళ్ళ నొక్కిన.

"అయ్యో, మళ్ళ మొదలైంది."

ఇంకోసారి నొక్కిన.

"ఆగింది. ఏమన్న చేస్తున్నవా నువ్వు?"

యాదమ్మ వదినె నోరు తెరిచి చూస్తున్నది. "నువ్వు ఈడ నొక్కితె ఆడ కూస్తున్నదా పద్మా? మస్తున్నదే ఇది" అన్నది. మల్లేశమేమో నేను పొద్దున ఫోటో దిగినప్పుడు పట్టుకున్న వైరు దిక్కు చూసిండు, లాప్‌టాప్ దిక్కు చూసిండు, చున్నీ తోని మొకం తుడుసుకుంటున్న నా దిక్కు చూసిండు. ఆయన భుజాలు ఊగుడు మొదలైంది.

అయ్యింది ఇదీ. ఎండాకాలంల తాండూరు డబ్బా పెట్టేటప్పుడు అది కూడ పేరు అడిగింది. ఆలోచించే ఓపిక లేక మళ్ళ 'మనఇల్లు' అనే కొట్టిన. రెండింటికి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. బీటా ఎక్కినంక లాగిన్ అడిగినప్పుడు లిస్టుల మనఇల్లులు రెండు ఉన్నయి, ఒకదాని కింద ఒకటి. నేను మీదిది నొక్కిన. అది తాండూరుది. రెండు రోజులు వికారాబాద్ డబ్బాను ఇప్పి, దులిపి, వైరు పీకుకుంట, తాండూరులున్న ఖాళీ డబ్బాను చూసి ఏడ్చిన. మీదికెల్లి దానికి కూడ బీటా ఎక్కించిన.

కింది మనఇల్లు నొక్కిన. 'కొత్త వెర్షన్‌కు స్వాగతం. కొనసాగడానికి నెక్స్ట్ నొక్కండి' అని వచ్చింది. శనివారం మధ్యాహ్నం సంది పాపం అది నా కోసం అక్కడనే నిలవడి ఉన్నది. నెక్స్ట్ నొక్కిన. ఫోటోలు, వీడియోలు, పెండ్లిళ్ళు, పుట్టు ఎంటికలు, అన్ని వరుసగ వచ్చినయి.

అత్తమ్మను పిలిచి టీవీల పెట్టిన. మామయ్య గొంతు ఇల్లంత నిండింది. తిట్లు వచ్చే జాగకు అత్తమ్మ, వదినె, మల్లేశం, నేను నలుగురం ఒక్కసారే నవ్వినం. వదినె కండ్లల్ల నీళ్ళు కూడ తిరిగినయి. అమ్మ ఫోన్ ఇంకా స్పీకర్ల ఉన్న సంగతి మర్చిపోయినం. "ఎవర్ని తిడ్తున్నడే మీ మామయ్య?" అని అండ్లకెల్లి అడిగింది.

పేరు తోని ఫోటోలు ఏరే కొత్త సౌలతు ఎట్లున్నదో చూద్దామని అత్తమ్మ ఫోటో ఒకటి చూపి, ఆమె పేరు కొట్టిన. ఆమెవి బారెడు ఫోటోలు ఏరి పెట్టింది. నడుమ రెండు ఫోటోలు నల్ల పొట్టేలువి. నేను తీసేస్తుంటె అత్తమ్మ చెయ్యి పట్టుకొని, "ఉండనియ్యే, నేను సాదిందే గద" అన్నది.

ఇగ ఫోరంల నిజం రాసుడు మిగిలింది. నేను రాయకపోతె మల్లేశం రాస్తనన్నడు, అందుకే నేనే రాసిన. నేను వైరు పీకిన మిషన్ వికారాబాద్‌ల ఉన్నది, చూస్తున్న మిషన్ తాండూరుల ఉన్నది, క్షమించుండ్రి అని. కంపెనీ ఆయన జవాబు రాసిండు: 'చాలా సంతోషం మేడమ్. కరెంటు లేకుండా నడిచే మిషన్ గురించి మా మేనేజర్‌కు ఏం చెప్పాలా అని మేం అప్పటి నుంచీ మీటింగ్‌లోనే ఉన్నాం. ఒకే పేరు రెండింటికి పెట్టనివ్వడం మా తప్పే. సరిచేస్తాం.'

సరిచేసిన్రు. ఈ వారం కొత్త అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు లాగిన్ అయినప్పుడల్ల ఒక ప్రశ్న అడుగుతున్నది: 'ఈ మిషన్ ఇప్పుడు మీరున్న ఇంట్లోనే ఉందా?' కింద అవును, కాదు. గిదేం తిక్క ప్రశ్న, ఇంట్ల ఉన్నది తెల్వదా అని ఫోరంల జనం తిట్టుకుంటున్నరు. ఎవరి కోసం పెట్టిన్రో మా ఇంట్లోల్లకు మాత్రమే తెలుసు. నేను ఆ తిట్లన్ని చప్పుడు చెయ్యకుండ చదువుకుంట. చదివి, లేచి పక్క రూముల్కి పోయి, డబ్బా మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసి, అప్పుడొచ్చి 'అవును' నొక్కుత.