చెంపకి చల్లగా తగిలితే

మా వదిన పోయింది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున్న లేవలేదు. ఏడింటికల్లా విస్తళ్ళ షెడ్డు తాళం తీసే మనిషి ఎనిమిదైనా రాకపోయేసరికి, అక్కడ పనిచేసే ఆడవాళ్ళు నాకు ఫోను చేశారు. నేనే వెళ్ళి తలుపు తోశాను. పక్కకి ఒత్తిగిలి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని ఉంది. పిలిస్తే లేచేలాగే ఉంది. పిలిచాను కూడా.

మన తెలుగు సంఘం పత్రికకి ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నాకు చదువు ఐదో తరగతితో సరి. అమ్మలాంటిది, దేవతలాంటిది అని రాయడానికి మీలో చాలామంది ఉన్నారు. ఆవిడ దేవతేమీ కాదు. నోటిదురుసు మనిషి. కూరలో ఉప్పెక్కువైందంటే చచ్చినా ఒప్పుకునేది కాదు. నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది ఇంకెవరూ చెప్పలేరు. అందుకని రాస్తున్నాను.

మా అన్న రైల్వేలో ఖలాసీ. శ్రీకాకుళం నుంచి అన్న వెనకాల వదిన, వాళ్ళ వెనకాల నేను ఈ రాయ్‌పూర్ వచ్చాం. నేను ఊరవతల ఉర్లా ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ పనిలో చేరి అక్కడే ముసలివాణ్ణయ్యాను. అన్న చనిపోయిన ఏడాది వదిన బజారులో ఒక ఆకుల మోపు ముందు నిలబడిపోయింది. "ఓలమ్మ, మరిదీ, ఇది మన అడ్డాకు కాదేటి!" అంది. అడ్డాకే. ఇక్కడివాళ్ళు మాహుల్ ఆకంటారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూచుని కుట్టిన ఆకు. మోపు మోపంతా రిక్షాలో వేయించుకుని ఇంటికొచ్చింది. మర్నాటి నుంచి విస్తళ్ళు కుట్టడం మొదలు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చి చేరారు. అందరూ ఇక్కడివాళ్ళే. వాళ్ళ మాట ఈవిడకి సగమే వచ్చు, ఈవిడ మాట వాళ్ళకి అసలు రాదు. అయినా పొద్దంతా నవ్వుతూనే ఉండేవాళ్ళు. చివరికి పదకొండుమంది అయ్యారు. రైల్వే కాలనీ వెనక ఒక రేకుల షెడ్డు తీసుకున్నారు.

విస్తళ్ళకి అంచు లేపే మెషీను నేను చేసిచ్చాను. పాత ఇనుముతోనే. కింద అచ్చు, పైన అచ్చు, లోపల వేడి తీగ, కాలితో తొక్కే మీట. కొన్న మెషీను కూడా అంత బాగా నొక్కదు. దాని స్విచ్చుకి తాళం పెట్టి, తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. నేను తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు. అది నా పట్టుదల.

ఆ పనిలో ఒక్కటే కిటుకు. ఆకు తడిపితేగాని కుట్టడానికి వంగదు. కుట్టాక నీడన ఆరాలి. పూర్తిగా ఆరితేనే మెషీనులో పెట్టాలి. లోపల తడి ఉండగా నొక్కితే పైకి బాగానే కనిపిస్తుంది, మూడు రోజుల్లో బూజు పడుతుంది. ఆరిందో లేదో కంటికి తెలియదు, వేలికి తెలియదు. వదిన విస్తరి తీసి చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకునేది. చల్లగా తగిలితే లోపల నీళ్ళున్నట్టు. "ఇంకా కాలేదు" అని పక్కన పెట్టేది. ఆ ఆడవాళ్ళలో అందరికంటే పెద్దది అభన్‌పూర్ నుంచి వచ్చే బాయి ఒకామె. ఆమెకి మాత్రం ఈ విద్య పట్టుబడింది.

వానలొస్తే ఆకు ఆరదు. పని ఆగిపోతుంది. ఆ నాలుగు నెలలూ ఆడవాళ్ళు ఇటుకలు మొయ్యడానికో, ఉర్లాలో ఇనుము ఎత్తడానికో పోయేవాళ్ళు. వదినకి ఒకటే కోరిక ఉండేది. వేడిగాలి తిరిగే గది ఒకటి కట్టాలి, వానాకాలం కూడా పదకొండుమందీ ఆ షెడ్డులోనే కూచోవాలి. అంతకుమించి ఆవిడ ఏమీ అడగలేదు.

ఆ సమయంలోనే మేనేజ్‌మెంట్ కాలేజీ పిల్లలు నలుగురు వచ్చారు. మీలాంటి చిన్న సంస్థలకి పెట్టుబడి పెట్టేవాళ్ళుంటారు, వాళ్ళ ముందు ఎలా నిలబడాలో మేం నేర్పుతాం, మాకిది చదువులో భాగం అన్నారు. మీది సోషల్ ఎంటర్‌ప్రైజ్ అన్నారు.

"అదేటి, రోగం పేరులాగుంది" అంది వదిన నాతో.

ప్రశ్నల కాగితం తీశారు. మీకు పోటీ ఎవరు దాదీ, అన్నారు.

"వాన" అంది.

అది కాదు దాదీ, మార్కెట్లో?

"మార్కెట్లోనూ వానే గదా కురుస్తాది."

ఐదేళ్ళ తరవాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు, అన్నారు. వదిన నా వంక చూసి తెలుగులో, "బతికుంటే ఈ పీట మీదే. సెప్పు ఆళ్ళకి" అంది. నేను చెప్పలేదు. మీరు చెప్పినంత పెద్దది చేస్తాం అంటోందని చెప్పాను. అప్పటికే నాకు ఆశ పుట్టింది. నా మెషీను ఫొటో తీసి వాళ్ళ కంప్యూటర్లో పెట్టారు. నిజం చెప్పాలంటే దానికే పొంగిపోయాను.

ఆ నలుగురిలో కళ్ళజోడు పిల్ల ఒకత్తి మంచిది. తడి కొలిచే చిన్న యంత్రం తెచ్చి, వదిన ముందు కూచుని, ఆవిడ చెంపనీ యంత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఇద్దరూ ఒకటే చెప్పారు. అది రిపోర్టులో రాసుకుంది కూడా. తరవాత వాళ్ళ మాస్టారు చూసి, ఇదేం శాస్త్రం అని ఎర్ర గీత కొట్టేశాడట. ఎన్ని గంటలు ఆరబెట్టాలో అంకె వెయ్యండి అన్నాడట. అంకె వేశారు. వాన కురిసినా, ఎండ కాసినా ఆ అంకె అంతే.

బొంబాయి నుంచి పెట్టుబడి పెట్టేవాళ్ళు శనివారం వస్తారన్నారు. ఊరి బయట మందిర్ హసౌద్ దాటాక ఒక హోటల్ హాల్లో మీటింగు. ఒక్కొక్కళ్ళ ముందు మెరిసే ప్లాస్టిక్కులో చుట్టి, సీలు వేసిన విస్తళ్ళ కట్ట పెట్టాలన్నారు. వదిన మొహం చిట్లించింది. "ఆకుని ప్లాస్టిక్కులో కడితే ఊపిరాడదు" అంది. అలాగే ఉండాలి దాదీ, చూడగానే నచ్చాలి, అన్నారు.

ఆ వారమే వానలు మొదలై ముసురు పట్టింది. బుధవారం మధ్యాహ్నం వదిన చెంపకి పెట్టి చూసి, "సల్లగా ఉంది మరిదీ. ఆగు. ఇంకో రెండ్రోజులు" అంది.

"నా అచ్చు వేడికి ఇనుము కూడా సెమట కక్కుతాది. నీ ఆకెంత?"

"ఇనుముకి నువ్వు సెప్పు. ఆకుకి నాను సెప్తాను."

ఆ మాట అంటుంటే పదకొండుమంది ఆడవాళ్ళూ విన్నారు. మాట అర్థం కాకపోయినా నా మొహం చూసి నవ్వారు. నాకు మండింది. వదిన బీపీ మాత్రలు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. ఆడవాళ్ళు వాన ముదరక ముందే ఇళ్ళకి పోయారు. నేను మెషీను తాళం తీసి విస్తళ్ళన్నీ నొక్కేశాను. ఆవిరి లేచింది. ఆవిరి లేస్తే తడి పోయినట్టే అనుకున్నాను. కళ్ళజోడు పిల్లా మిగిలినవాళ్ళూ వచ్చి, అంకె ప్రకారం గంటలు నిండాయి కదా, ఎంత బాగున్నాయో అంటూ ప్లాస్టిక్కు చుట్టేశారు.

వదిన తిరిగొచ్చేసరికి కట్టలన్నీ సీలు వేసి ఉన్నాయి. గొడుగు మూస్తూ నన్ను అడిగింది. "ఎండాయేటి?"

"ఎండాయి. ఒక్కోటీ సెంపకి పెట్టి సూశాను" అన్నాను.

ఆవిడ నమ్మింది. ఇన్నేళ్ళయినా నాకు కొరుకుడు పడనిది అదే. ఒక్క కట్ట విప్పి చూసుంటే సరిపోయేది. నా మాట మీద విప్పలేదు.

శనివారం హాల్లో వదిన కొత్త నేత చీర కట్టుకుని, పిల్లలు నేర్పినట్టు రెండు నిమిషాలు హిందీలో మాట్లాడింది. తడబడలేదు. పెట్టుబడి పెట్టేవాళ్ళలో పెద్దాయన బాగా విన్నాడు. వానాకాలం గది గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. వదిన మొహం వెలిగింది. అప్పుడాయన కత్తెర తెప్పించి ప్లాస్టిక్కు కోశాడు. వాసన వెనక వరసలో ఉన్న నాదాకా వచ్చింది. తెల్లటి బూజు, మధ్యలో నల్ల చుక్కలు. ఇంకో కట్ట కోశారు. అదీ అంతే.

ఇదెలా జరిగింది, అని ఆయన అడిగాడు. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వదిన తల తిప్పి నన్ను ఒక్కసారి చూసింది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఉర్లాలో ముఫ్ఫై ఏళ్ళు ఫోర్‌మన్ల మీద నోరు చేసుకున్న మనిషిని, లేచి ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

"మేరీ గల్తీ హై" అంది వదిన. "తప్పు నాదే. నేను చూసుకోలేదు."

అంతే. ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

ఆటోలో వస్తుంటే దారిలో మొక్కజొన్న కాలుస్తున్న చోట ఆపించింది. ఒక పొత్తు కొని, విరిచి, పెద్ద ముక్క నాకిచ్చింది. "తిను. వాన ఇంకా మూడు నెలలుంటాది" అంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ వానాకాలం అభన్‌పూర్ బాయి ఉర్లాలో ఇనుము ఎత్తే పనికి పోయింది. జారి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. నేను పనిచేసిన ఫ్యాక్టరీకి రెండు గేట్ల అవతలే. ఇప్పటికీ ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది.

పిల్లలకి మార్కులు వచ్చాయి. ఉద్యోగాలూ వచ్చాయి. లావుపాటి రిపోర్టు ఒకటి అట్ట వేసి పంపించారు. మా ఎదురింటి మాస్టారు చదివి చెప్పాడు. యజమానురాలికి ఆకు నిలవ చెయ్యడంలో శ్రద్ధ లేదు అని రాశారట. అది విని వదిన ఎగిరిపడుతుందనుకున్నాను. "పుస్తకం బరువుగానే ఉంది" అని, వంకర తిరిగిన ఆకుల మీద పెట్టింది. మరుసటేడు ఇంకో నలుగురు వచ్చారు. అవే ప్రశ్నలు. మీకు పోటీ ఎవరు దాదీ? ఆ పై ఏడు ఇంకో నలుగురు. ఏటా మమ్మల్ని పెట్టుబడికి సిద్ధం చేసి వెళ్ళేవాళ్ళు. పెట్టుబడి పెట్టే మనిషి ఒక్కడూ ఆ షెడ్డు మొహం చూడలేదు. ఆకుల మీద బరువులు మాత్రం ఐదయ్యాయి.

వచ్చిన పిల్లలందరికీ వదిన అడ్డాకులోనే అన్నం పెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఈళ్ళకి ఇంకా కూడెట్టడమేటి? మన పని పాడు సేసింది ఈళ్ళు కాదేటి?" అన్నాను ఒకసారి.

వదిన వడ్డించడం ఆపలేదు. "ఆళ్ళు నేర్సుకోడానికొచ్చారు. నేర్సుకునేటప్పుడు తప్పులొస్తాయి. నీకు పని వచ్చుండి సేశావు" అంది. గరిట నా విస్తరి వైపు తిప్పి, "సారోసుకో" అంది.

ఆవిడకి తెలుసని నాకు అప్పుడు తెలిసింది. అయినా నేను ఒప్పుకోలేదు. చారు పోసుకున్నాను. తిన్నాను. చేతులు కడుక్కున్నాను. ఆ తరవాత ఎన్ని అవకాశాలు వచ్చాయో లెక్క లేదు. రేపు చెప్దాం అనుకునేవాణ్ణి. చెప్పకుండానే ఆవిణ్ణి మోసుకెళ్ళాను.

పదకొండో రోజు భోజనాలకి విస్తళ్ళు కావాలి. వదిన చివరగా కుట్టినవి షెడ్డులో బల్లల మీద పరిచే ఉన్నాయి. ముందు రోజు ఆడవాళ్ళందరూ వచ్చారు. పది రోజులుగా బయట మబ్బే. నేను తాళం తీసి మెషీను వేడెక్కించాను. ఎర్ర దీపం వెలిగింది. ఒక విస్తరి తీసి నా చెంపకి పెట్టుకున్నాను. ఏళ్ళ తరబడి వెల్డింగ్ మంట తిన్న చెంప. ఏమీ తెలియలేదు. ఇంకో చెంపకి పెట్టుకున్నాను. తెలియలేదు. ఆరోజు నిజంగానే చెంపకి పెట్టి చూసినా నాకు తెలిసుండేది కాదు. నాకు ఆ విద్యే లేదు.

అక్కడే నిలబడి చెప్పేశాను. ఆనాడు బూజు పట్టింది నా వల్ల, మీ దీదీ వద్దన్నా నేనే నొక్కాను, దీదీతో అబద్ధం చెప్పాను అని, నాకొచ్చిన హిందీలో.

అభన్‌పూర్ బాయి కాలు చాపుకుని కూచునుంది. "అప్పుడే తెలుసు కాకా" అంది వాళ్ళ మాటలో. "మెషీను తాళంచెవి నీ దగ్గరే కదా ఉండేది."

పదకొండుమందికీ తెలుసు. ఇన్నేళ్ళూ నాకు టీ ఇచ్చారు, కాకా అని పిలిచారు, పండగకి పిండివంట పంపించారు. అందరికీ తెలుసు.

బాయి చెయ్యి చాపింది. విస్తరి ఇచ్చాను. చెంపకి ఆనించుకుని, వెనక అరచెయ్యి పెట్టి, తల కొంచెం పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుంది. ఆ పొద్దున్న నేను తలుపు తోసినప్పుడు వదిన ఎలా ఉందో అచ్చం అలా.

"అభీ నహీ, కాకా" అంది. ఇంకా కాలేదట.

నేను స్విచ్చు ఆపేశాను. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆమె పక్కన పెట్టాను. ఆమె కళ్ళు తెరవలేదు. చెంప మీద ఆకు అలాగే ఉంది. షెడ్డు రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. అందరం ఆకు ఆరేదాకా కూచున్నాం.