జాడీలోకి దించిన దీపం

మా దగ్గర ద్రాక్ష పండదు, ఎండ మాత్రం విరగపండుతుంది. అయినా మా చర్చిలో ఈస్టర్ నాటి ప్రభువు బల్లలో అందరికీ పంచే ద్రాక్షారసం ఏనాడూ దుకాణం నుంచి రాలేదు. మా అమ్మ చేసేది. మార్చి మొదట్లో గోదావరిఖని చౌరస్తాలో బండి మీద నల్లద్రాక్ష కొని, కడిగి ఆరబెట్టి, చేత్తో చిదిమి, చక్కెరా గుప్పెడు గోధుమలూ వేసి పెద్ద పింగాణీ జాడీలో పెట్టేది. పైన పలుచటి గుడ్డ కట్టేది. రోజూ పొద్దున జాడీకి చెవి ఆనించి వినేది. లోపల బుడగల చప్పుడు ఆగిన రోజున వడకట్టేది. ఆ లెక్కలేవీ కాగితం మీదికి ఎక్కలేదు.

పోయిన వానాకాలం అమ్మ చనిపోయింది.

ఈస్టర్ దగ్గర పడుతుండగా మా సంఘపెద్ద, ఈసారికి దుకాణంలో సీసాలు తెద్దామన్నాడు. అందులో తప్పేం లేదు. కానీ మా బాపు లేచి నిలబడ్డాడు. "ఎప్పటిలెక్కనే మా ఇంట్లకెళ్లే వస్తది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కన్న తండ్రే అయినా చెప్పక తప్పదు, ఆయనకు మా వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో తెలియదు. పైగా ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పేలుళ్ల మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆయనకు జాడీ చప్పుడేం వినబడుతుంది? ఇంటికొచ్చాక ఇదే మాట అరిచి చెప్పాను.

"మీ అమ్మ చేసిన పని, ఆమె పోయిన యేడే ఆగిపోవద్దు బిడ్డా," అన్నాడు.

మర్నాడే చౌరస్తాకు పోయి ద్రాక్ష కొనుక్కొచ్చాను. నాకు గుర్తున్నంత నేను చెప్పాను, ఆయన చిదిమాడు. మూడోనాడు జాడీ మీద చెయ్యేసి ఉలిక్కిపడ్డాడు. అది వెచ్చగా ఉంది. బాయిలో బొగ్గు దానంతటదే వేడెక్కితే గాలి తగలకుండా గోడ కట్టి మూసేస్తారు. బాపు కూడా అదే చేశాడు. మూత పెట్టి చుట్టూ బంకమట్టి మెత్తాడు. మధ్యాహ్నానికల్లా మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. గోడలన్నీ ఎర్రగా తడిశాయి.

"ఇది బాయి కాదు బాపూ, వంటిల్లు!" అని గోడలు తుడుస్తూ తిట్టాను. ఆయన నా వైపు చూస్తే కదా! జాడీలోకి వంగి, మిగిలిన రసంలో పైకి లేస్తున్న బుడగలను చూస్తున్నాడు. "ఇది ఊపిరి ఇడుస్తున్నది," అన్నాడు మెల్లగా.

బాపు సర్దార్‌గా రిటైరయ్యాడు. షిఫ్టు వాళ్ల కన్నా ముందు దీపం పట్టుకుని వెళ్లి లోపల గాలి బాగుందో లేదో చూసిరావడం ఆయన డ్యూటీ. చూసిన చోట సుద్దతో తేదీ వేసి సంతకం చేస్తేనే మిగతావాళ్లు అడుగు పెడతారు. మర్నాడు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే, ఇనుపతీగకు కొవ్వొత్తి ముక్క కట్టి, వెలిగించి, జాడీలోకి దించాడు. అంచు దాటిందో లేదో ఆరిపోయింది. ఎవరూ ఊదలేదు. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరింది.

"పాత బాయిల గిట్లనే చెడుగాలి కింద పేరుకుంటది. ఆడ దీపం నిలవది, మనిషి నిలవడు. ద్రాక్షలు గూడ గసొంటి గాలే ఇడుస్తున్నయ్. అది ఆగిందంటే రసం అయినట్టు."

నేను బడిలో సైన్సు చెప్తాను. ఆ వాయువు పేరు బోర్డు మీద ఎన్ని వందల సార్లు రాశానో, అది దీపాన్ని మింగుతుంటే మాత్రం మా వంటింట్లోనే చూశాను. అమ్మ చెవితో విన్నదాన్ని ఈ చెవిటి మనిషి కంటితో చూస్తున్నాడు. ఇది బాయి కాదని నిన్న తిట్టినందుకు సిగ్గుపడ్డాను.

ఆ రోజు నుంచి పొద్దున్నే దీపం దించడం, జాడీ మీద సుద్దతో తేదీ వేసి సంతకం చేయడం. మంట రోజురోజుకూ కాస్త లోతుకు దిగి ఆరేది. ఈస్టర్‌కు వారం ముందటి మట్టల ఆదివారం వచ్చినా ఆరుతూనే ఉంది. సీసాలు తెప్పిద్దామన్నాను.

"దీపం చెప్పందే బాయిల ఎవ్వల్ని అడుగు పెట్టనియ్యలే. ఇప్పుడు పెట్టనిస్తనా?"

గుడ్ ఫ్రైడే పొద్దున మంట రసం దాకా దిగింది. వణికింది. నిలబడింది. ఎర్రటి రసంలో దాని నీడ కూడా నిలబడింది. ఇద్దరం ఎంతసేపు చూశామో తెలియదు. ఇంత చిన్న మంట కోసం నేనెన్నడూ అట్లా ప్రార్థన చేయలేదు.

"సాఫ్," అన్నాడు బాపు, బాయిలో గాలి బాగుంటే అన్నట్టే, సుద్ద అందుకుంటూ.

ఈస్టర్ నాడు చర్చిలో, సీసాలు తెద్దామన్న ఆ సంఘపెద్దే మా పక్కన కూర్చున్నాడు. చిన్న గిన్నెలోని రసం తాగి కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత మా వైపు వంగి, "అక్క చేసినట్టే ఉన్నది," అన్నాడు.

"ఏమన్నడు?" అని బాపు నన్నడిగాడు. చర్చిలో అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. గుసగుసలు ఆయనకు పనికిరావు.

"అమ్మ చేసినట్టే ఉన్నదట!" అని చెవిలో అరిచాను. పాస్టరుగారితో సహా అందరూ తలలు తిప్పి చూశారు. బాపు ఖాళీ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తల వంచుకున్నాడు. నేను అరిచింది ఆయనకు బాగానే వినబడింది, నాకు తెలుసు.

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా," అన్నాడు.

ఇంకా గట్టిగా చెప్పాను.