అక్క పాడిన ప్లేటు

మొన్న మా మనవరాలు టేప్ రికార్డర్‌లో ఏదో పాట పెట్టుకుని, ఒక చరణం దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, మళ్లీ తిప్పి, అలా పదిసార్లు విన్నది. ఆ పిల్లకు విసుగు లేదు, నాకే కూర్చోబుద్ధి కాక లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. ఒక గొంతును కావలసినన్నిసార్లు వెనక్కి పిలుచుకోవచ్చునన్న సంగతి నాకు ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే కర్నూలులో కోట బురుజుకు వెళ్లే దారిలో ఉండిన ఒక ప్లేట్ల అంగడి గురించి చెప్పాలి. గ్రామఫోను రికార్డులను ఆ రోజుల్లో మేమంతా ప్లేట్లనే అనేవాళ్లం, నా ఈడువాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను మిషను హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్నాను. మాది ఆత్మకూరు పక్కన చిన్న పల్లె. మా నాయన మెట్ట సేద్యం చేసుకుంటూ మా గుడికి, అంటే మా ఊరి చర్చికి, సంఘపెద్దగా ఉండేవాడు. నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్క గుడిలో పాట అందుకుంటే చివరి వరుసలో కూర్చున్న ముసలివాళ్లు కూడా తల ఎత్తి చూసేవాళ్లు. ఆ గొంతు విని మా మేనమామ ఆమెను మద్రాసు తీసుకుపోయి కంపెనీలో పాడించి ప్లేటు ఇప్పించాడు. కీర్తనలు పాడిస్తారనే నాయన ఒప్పుకున్నాడు. తీరా చూస్తే ఒకవైపు కీర్తన, రెండోవైపు నాటకం పద్యం. ఆ ప్లేటును ఊరి రెడ్డిగారి అరుగు మీద పదిమందిలో వేసినప్పుడు నాయన అక్కడే ఉన్నాడట. ఇంటికి తెచ్చి గడప రాయికేసి కొట్టాడు. ఇక గుడిలో నోరు విప్పవద్దన్నాడు. అక్క ఆ ఏడే మామ వెంట బళ్లారి వెళ్లిపోయింది, రెండేళ్లు తిరక్కుండా విషజ్వరంతో పోయింది. నాయన మట్టి వేయడానికి కూడా వెళ్లలేదు. రెడ్డిగారి అరుగు దగ్గరికి ఆడవాళ్లు పోకూడదు గనక ఆ ప్లేటు అమ్మా వినలేదు, నేనూ వినలేదు.

ఆ అంగడికి నేను పాట కోసం వెళ్లలేదు. హాస్టల్ గోడ గడియారం ఆగిపోతే బాగు చేయించుకు రమ్మని నన్నూ తోటి అమ్మాయినీ పంపారు. గడియారాలు బాగుచేసే సాయిబు తాతే ప్లేట్లూ అమ్మేవాడు. ముందు బల్ల మీద వేరుశనగలు అమ్ముకుని వచ్చిన రైతులు వరుసగా కూర్చునేవాళ్లు, కొనేది ఒకటైతే వినేది పది. ఆయన ప్రతి ప్లేటుకూ ముల్లు మార్చి, గ్రామఫోనుకు చావి తిప్పి, ఏమీ అనకుండా వినిపించేవాడు. ఆడవాళ్లు వస్తే అద్దాల బీరువా వెనక ఒక ముక్కాలిపీట వేసేవాడు. ఆ పీట మీద కూర్చుని, నోరు ఊరుకోక, అక్క పేరు చెప్పి అడిగాను. ఆయన మూలనున్న గోనెసంచి విప్పి, అందులోంచి ఒక ప్లేటు తీశాడు.

నాటకం పద్యం వైపే వేశాడు. అక్క గొంతు. రాగం తీస్తూ తీస్తూ ఒకచోట ఊపిరి అందక చిన్నగా మింగినట్టు వినిపించింది. ఇంట్లో నీళ్ల బిందె దించి మాట్లాడబోయే ముందు అచ్చంగా అలాగే చేసేది. 

"ఇది కరగబెట్టేదానికి పోయే సంచిలోది బేటీ," అన్నాడు తాత. "యుద్ధం గదా, ప్లేట్లు చేసే లక్క దొరకదంట. అమ్ముడుపోని పాతయన్నీ వాపసు పంపమని కంపెనీ హుకుం. తూకం కట్టి రాసుకొని పోయినారు. దీని బదులు ఇంగొకటి తెచ్చి ఏస్తే ఇది నీదే. పగిలిందైనా పర్వాలేదు. మీయమ్మను పిల్చుకోని రా, నేనే ఈడ కూచోబెట్టి వినిపిస్తా."

నెలాఖరు దాకా గడువుందన్నాడు. అమ్మకు ఉత్తరం రాద్దామంటే ఇంటికొచ్చే ఉత్తరాలు నాయనే చదువుతాడు. సెలవు దొరకడానికే పది రోజులు పట్టింది. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. నాయన చేనికి వెళ్లాక చెబితే అమ్మ మొదట నమ్మలేదు.

"నువ్వు విన్యావా? నిజంగా దాని గొంతేనా?" అని నా గడ్డం పట్టుకుని అడిగింది. తర్వాత కొర్రల కుండలో చేయి పెట్టి, అడుగు నుంచి గుడ్డమూట తీసింది. నాయన పగలగొట్టిన ముక్కలన్నీ అందులో ఉన్నాయి. అన్నేళ్లూ ఆమె వాటిని దాచింది. "ఇవి ఇచ్చి ముందు దాన్ని కాపాడు పో. నేను ఏదో ఒకటి చెప్పి వస్తా," అంది.

నేను మూటతో తిరిగి వచ్చేసరికి మూలన సంచి లేదు. తాత నా ముఖం చూడలేకపోయాడు. "నేను నంద్యాలకు పోయింటి తల్లీ. కంపెనీవాళ్లు గడువుకు ముందే వచ్చినారు. మా అల్లుడికి తెలీక ఎత్తిచ్చేసినాడు," అన్నాడు. మాసిన టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఆయన్ని ఏమనగలను? తప్పు నాదే. ఆ మొదటి రోజే నా ఎదుట ఉన్నదాన్ని వదలకుండా ఏడ్చి అడిగి ఉంటే ఇచ్చేవాడేమోనని ఎన్ని ఏళ్లు అనుకున్నానో.

అమ్మకు కర్నూలు వచ్చే వీలు చిక్కనే లేదు. క్రిస్మస్ సెలవులకు ఆ మూట మళ్లీ ఇంటికి మోసుకుపోయాను. అమ్మ మంచి ప్లేటు వచ్చిందనుకుని కొంగుకు చేతులు తుడుచుకుని విప్పింది. అవే ముక్కలు. నాయన అప్పుడే లోపలికి వచ్చాడు. ఎవరమూ దాచే ప్రయత్నం చేయలేదు. అమ్మే జరిగిందంతా చెప్పింది. కోప్పడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుని, "ఎట్ల ఉండె పాపా, మీయక్క గొంతు?" అని అడిగాడు.

"గుర్తులేదు నాయనా," అన్నాను.

గుర్తున్నదని ఆయనకూ తెలుసు. తల ఊపి ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అమ్మకు మాత్రం అంతా చెప్పాను, ఊపిరి మింగిన చోటుతో సహా, ఆయనకు వినబడకుండా గొంతు తగ్గించి. నాయన ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ దారిలో అంగళ్లన్నీ మారిపోయాయి. పీట వేసి వినిపించేవాళ్లూ లేరు, ఊరికే కూర్చుని వినే రైతులూ లేరు. పాటలు మాత్రం ఎక్కడ చూసినా రాశులుగా పడి ఉన్నాయి. అక్క గొంతును తలుచుకుందామని కళ్లు మూసుకుంటే ఈ మధ్య మరెవరిదో గొంతు వస్తోంది. ఆనాడు నాయనతో అన్న మాట మెల్లమెల్లగా నిజమవుతోంది.