ఎర్ర గుర్తు పాట

"...ముట్టకుంటే దానంతట అదే ఎట్ల ఆగుతదే? రేడియోల మంచిగనే పాడుతున్న గద నేను!"

"అత్తమ్మా, నేను ముట్టలే. చెయ్యి నిండ పిండే ఉండె. నువ్వే సూడు, ఫోనుకేమన్న పిండి అంటిందా?"

"పిండి అంటలే, పాట పోయింది. నా గొంతు పోయి పిల్లనగ్రోవి వచ్చింది. నేనెప్పుడన్న పిల్లనగ్రోవి ఊదిననా?"

నల్గొండలో తాముంటున్న కిరాయి ఇంటి మెట్ల మీద చెప్పులు విడుస్తూ ఇస్రాయేలు ఈ మాటలు విని నవ్వుకున్నాడు. లోపల తల్లి బిక్షమ్మ రేడియోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భార్య తిరుమల ఫోనును ఆమె ముఖానికి దగ్గరగా పట్టుకుని ఉంది.

"ఏ పాటనే?" అని అడిగాడు.

"ఏ పాటేంది? నా పాటనే. జాషువా పాట. పన్నెండున్నరకు వేసిన్రు. రేడియోల వచ్చింది, గీ ఫోనుల రాలే."

ఇస్రాయేలు నవ్వు ఆగిపోయింది.

పట్టణంలోని ప్రభుత్వ రేడియో కేంద్రంలో అతను ఇరవై రెండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగి. పాటల టేపులు, వాటి ఒప్పందాల కార్డులు ఉన్న గది తాళం అతని దగ్గరే ఉంటుంది. మూడేళ్ళుగా ఆ కేంద్రం కార్యక్రమాలు ఫోనులో కూడా వస్తున్నాయి. కానీ రేడియోలో వినిపించడానికి ఉన్న అనుమతి వేరు, నెట్‌లో వినిపించడానికి కావలసిన అనుమతి వేరు. నెట్ అనుమతి లేని పాటల నంబర్ల జాబితా నెలనెలా పై ఆఫీసు నుంచి వస్తుంది. ఇస్రాయేలు కంప్యూటర్లో ఆ నంబర్ల పక్కన ఎర్ర గుర్తు పెడతాడు. ఆ పాట వచ్చినప్పుడు కంప్యూటరే ఫోను దారి మూసేసి, పాట అయిపోయేదాకా పిల్లనగ్రోవి వినిపిస్తుంది.

నిన్న సాయంత్రం చాయ్ తాగుతూ నలభై ఒక్క గుర్తులు పెట్టాడు. పాత టేపు నంబరయితే నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు, తల్లిది పదకొండు వందల డెబ్భై మూడు. టేపులన్నీ కంప్యూటర్‌కు ఎక్కించాక ఒక్కో పాటకు పన్నెండంకెల కొత్త నంబరు పడింది. వాటిలో ఎవరి గొంతు ఏదో అతనికి తెలియదు.

ఫోను మోగింది. మేళ్లచెరువు నుంచి నర్సింగమ్మ. హాలియా కాలువ కింది మడుల్లో బిక్షమ్మతో పాటు ఒకే వరుసలో నాట్లు వేసిన మనిషి. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. అక్కడ ఈ రేడియో అందదు, వింటే ఫోనులోనే వినాలి. పాట వేస్తారని తెలియగానే తిరుమల చేత ఆమెకు ఫోను చేయించింది బిక్షమ్మ.

"ఏమే బిక్షీ, పాట రాలే. పిల్లనగ్రోవి ఊదిన్రు. నువ్వు సచ్చిపోతే ఊదుతున్నరేమో అనుకున్న."

"నేను సస్తే డప్పు కొట్టాలె గని పిల్లనగ్రోవేందే? నా కొడుకు ఆన్నే పనిచేస్తడు. ఎవడు ఆపిండో రేపు అడిగొస్తడు తియ్యి."

ఇస్రాయేలు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అన్నం పెట్టి తిరుమల రెండుసార్లు పిలిచింది.

మర్నాడు ప్రోగ్రామ్ ఆఫీసర్ రోజారమణి కంప్యూటర్లో ఆ నంబరు తెరిచి చూసింది. అతని కన్నా చిన్నది, అన్నా అనే పిలుస్తుంది.

"పాత ఒప్పందంల నెట్ మాట లేకపోవుడు ఒక్కటే కాదన్నా. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఈ పాటను ఇంకొకామెతో పాడించింది. పాట జానపదమంట, కూర్పు మాత్రం వాళ్ళ రచయితదంట. నెట్‌ల వెయ్యాలంటే వాళ్ళనడగాలంటున్నరు. మన కాడ రచయిత పేరుంటే ఎదురు చెప్పొచ్చు. కార్డు తియ్యి."

బీరువా మూడో అరలో ఉంది కార్డు. 1996. గాయని: బిక్షమ్మ, బృందం. పక్కన వేలిముద్ర. కింద రచయిత అన్న గడిలో నీలం సిరాతో ఒక్క మాట ఉంది: జానపధం.

ద ఉండాల్సిన చోట ధ. ఇంటర్ చదివేటప్పుడు అతను ద ఎక్కడ, ధ ఎక్కడ అన్నది పట్టించుకునేవాడు కాదు. తెలుగు సారు ఎన్నిసార్లు దిద్దినా మారలేదు. ఆ రోజు నాట్ల ముఠాలోని ఎనిమిది మంది ఆడవాళ్ళతో బస్సులో నల్గొండ వచ్చి, అందరి కాగితాలూ నింపింది తనే.

"అన్నా, దొరికిందా?" అని రోజారమణి బయటి నుంచి పిలిచింది.

కార్డు చూసి ఆమె కంపెనీ పాట పెట్టి ఇయర్‌ఫోన్లు అతని చేతికిచ్చింది. డప్పులు, ఈలలు, పరుగెత్తే దరువు. పోయినేడు కాలనీలో ఒక పెళ్ళి ఊరేగింపులో ఈ మోతకే పిల్లలు ఎగరడం అతను చూశాడు. అప్పుడు మాటలు వినలేదు. ఇప్పుడు విన్నాడు. ఒక్క మునుమే ఉన్నది, లేవకు చిన్నయ్యా.

తల్లి పాటలో ఉన్నది చిన్నయ్య కాదు, జాషువా. ఇస్రాయేలు పుట్టకముందు పుట్టిన అన్న. పదకొండు నెలలవాడు. జ్వరంతో ఉన్న బిడ్డను ఒడ్డు మీద చీర ఊయలలో పడుకోబెట్టి బిక్షమ్మ మడిలోకి దిగింది. ఆ మునుము, అంటే ఆ నాటు వరుస, అయ్యేదాకా వాడు లేవకూడదని నాటు నాటుకూ అనుకుంది. ఒడ్డెక్కి చూస్తే లేవలేదు. ఈ సంగతి అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పాట కూడా తెలుసు. ఊళ్ళో అందరూ పాడేవాళ్ళు కాబట్టి అది ఎప్పటిదో పాటని, తల్లి అందులో అన్న పేరు పెట్టుకుందని అనుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అడిగాడు.

"అమ్మా, జాషువా పాట ఎవరు కట్టిన్రు?"

"నేనే కట్టిన. ఇంకెవరు కడతరు? పిలగాడు ఎవరి బిడ్డ?"

"మరి నాడు రేడియో స్టేషన్ల నేనడిగితే నీది కాదన్నవ్ గద."

"ఎప్పుడన్న?"

"కాయితం నింపేటప్పుడు. పాట రాసింది నువ్వేనా అంటే, నేను రాయలే అన్నవ్."

"రాసినవా అన్నవ్. నాకు రాయనొస్తదా బిడ్డా? కట్టినవా అంటే చెప్పకపోదునా?"

తిరుమల పొయ్యి ఆపింది.

ఇస్రాయేలు మిగతాది కూడా చెప్పాడు, పెళ్ళి ఊరేగింపులో విన్న మోతతో సహా. పాట పాతదే, ఊరిదే అని బిక్షమ్మ కాగితం మీద వేలిముద్ర వేస్తే, సేకరణ అని ఆమె పేరు పెట్టి అడ్డు తీసేస్తామని కంపెనీ వకీలు పై ఆఫీసుకు ముందే ఉత్తరం రాశాడు; రోజారమణి దాన్ని అతనికిచ్చి పంపింది. వారంలో పాట ఫోనులో వస్తుంది. ఆమే కట్టిందని చెప్పాలంటే మాత్రం కార్డులోని మాట తప్పని, దాన్ని రాసింది తనేనని ఇస్రాయేలు రాసివ్వాలి. రోజారమణి దాచకుండా చెప్పింది. "మీ అమ్మ పాట, నీ చేతి రాత, నీ చేతుల తాళం. ఇరవై రెండేండ్ల సంది నువ్వేం చేసినవని అడుగుతరు. మార్చిల నీ కాంట్రాక్టు కాయితం మళ్ళ పైకి పోవాలె. ఆలోచించుకో అన్నా."

"వాళ్ళ పాట పెట్టు, వింట," అంది బిక్షమ్మ.

"వద్దమ్మా."

"పెట్టు."

పెట్టాడు. ఆమె ఫోను వంక చూస్తూ మొత్తం వింది. డప్పులు ఆగాక, "జాషువా ఏడి?" అంది.

ఇంకోసారి పెట్టమంది. రెండోసారి చిన్నయ్యా అన్న మాట దగ్గర చేయి ఎత్తి ఆపమంది. తిరుమల ఆపింది.

"చిన్నయ్య ఎవరే?"

"ఎవరు లేరత్తమ్మా. పాటకు కుదురుతదని పెట్టుకున్నరు."

"కుదిరింది. పెండ్లిళ్ళల్ల ఎగురుతున్నరంటివి గద."

ఆ తర్వాత ఆమె రేడియోను ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. "ఏలు పెడితే నర్సింగి వారంల వింటది."

"వింటది."

"పెట్టకుంటే?"

"ఎన్నేండ్లు పడుతదో తెల్వది."

"దానికి డెబ్బై దాటినయి. నాకు దాటినయి," అంది. అన్నం వద్దని గోడ వైపు తిరిగి పడుకుంది. తిరుమల దుప్పటి కప్పితే తోసేసింది. పొద్దున్నే లేచి, నర్సింగమ్మకు తనే ఫోను చేయించుకుని, తలుపు దగ్గరికి వేసి మాట్లాడింది. మధ్యలో ఒకసారి ఇద్దరూ పాట అందుకోవడం వినిపించింది. నర్సింగమ్మ గొంతు ఒక పదం వెనక వస్తోంది.

బయటికి వచ్చి, బండి తీస్తున్న కొడుకుతో నాలుగు మాటలు చెప్పింది. అతను తల ఊపాడు.

తొమ్మిదిన్నరకు ఇస్రాయేలు రోజారమణి బల్ల ముందు నిలబడి వకీలు ఉత్తరం తిరిగి ఇచ్చాడు.

"మేడం, మా అమ్మ ఏలు పెట్టదంట. కార్డు మీద జానపదం అని రాసింది నేనే, అది తప్పని ఇయ్యాల్నే రాసిస్త. పాట ఆమెదని తేలేదాంక జానపదమని రేడియోల గూడ వెయ్యొద్దన్నది."