వెనక తలుపు లేని ఇల్లు

జనగామ కాలేజీలో నేను చెప్పేది చరిత్ర. ఏటా ఒక క్లాసు పాతకాలపు కార్మికుల ఇండ్ల గురించి చెప్పుడుకే పోతుంది. మిల్లులు వచ్చిన కొత్తలో ఇంగ్లండు పట్టణాల్లో ఒక వరుస ఇండ్ల వీపుకు ఇంకో వరుస వీపు ఆనించి కట్టేవాళ్లు. మూడు దిక్కుల పక్కింటోళ్ల గోడలే. తలుపు ముందర ఒక్కటే. గాలి వచ్చినా, చుట్టం వచ్చినా, శవం పోయినా అందులోంచే. డాక్టర్లు, పాదిరీలు, పెద్దమనుషులు ఏండ్ల తరబడి కొట్లాడితే గాని అట్లాంటివి కట్టొద్దన్న చట్టాలు రాలేదు. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్త. ఆ పెద్దమనుషులు గదులు కొలిచారు, కిటికీలు లెక్కబెట్టారు, ఆ ఇంట్లో వంట చేసే ఆడమనిషిని మాత్రం పెద్దగా అడిగింది లేదని వెక్కిరిస్త కూడా. పిల్లలు నవ్వుతారు.

ఆ పెద్దమనుషుల పనే నేనూ చేసిన.

మా అక్క ఉండేది భూపాలపల్లిలో. బావ బొగ్గుబాయిలో పని చేస్తడు. కంపెనీ వాళ్లకిచ్చిన పాత క్వార్టర్ రెండర్రలది. వానకు కప్పు కారేది, గోడలు చెమ్మకు ఉబ్బేవి, గల్లీ మొత్తానికి నల్లాలు రెండే. కానీ ఆ వరుసలో ఒక పద్ధతి ఉండేది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పొద్దున ముందరి అర్రలో పండుకుంటడు. పండుకునే ముందు తన టోపీని, అదే బాయిలో పెట్టుకునే గట్టి టోపీని, ముందు తలుపు గొళ్లానికి తగిలిస్తడు. టోపీ కనబడితే ఇంకెవరూ ఆ తలుపు జోలికి పోరు. పాలాయన, చుట్టాలు, చీటీ పాడేటోళ్లు, అందరూ తిరిగి వెనక గల్లీలోకి పోయి వంటింటి తలుపు తట్టాలె. ఆడవాళ్ల ముచ్చట్లు, పంచాయితీలు, కూరగాయల బేరాలు అన్నీ వెనకనే. చిన్నపిల్లలకు గూడ టోపీ అంటే ఏందో తెలుసు.

కొత్త ఇండ్లు కట్టియ్యాలని కంపెనీకి దరఖాస్తు రాసింది నేనే. పుస్తకం పెన్ను పట్టుకొని ఇల్లిల్లూ తిరిగిన. చెమ్మ, కప్పు, నల్లా, మోరి, ఒక్కటి వదలలేదు. గల్లీ మొత్తం సంతకాలు, వేలిముద్రలు పెట్టింది. నా దరఖాస్తు నాకే ముద్దొచ్చింది. కొన్నేండ్లకు పాత వరుసలు కూలగొట్టి మూడంతస్తుల ఇండ్లు కట్టిన్రు. కారని కప్పు, ఇంటింటికీ నల్లా, లోపలనే బాత్రూం. అక్కకు పై అంతస్తు వచ్చింది.

చూడబోయిన. పగలు పదకొండు గంటలకు బావ మెట్ల మలుపులో చాప మీద పండుకొని ఉన్నడు, మొఖం మీద తువ్వాల కప్పుకొని. ఆయన మీది నుంచి దాటి పోయిన.

“ఇల్లు ఎట్లుందే అక్కా?” అన్న.

“నువ్వు రాసిన దరఖాస్తు లెక్కనే ఉంది. చూడనీకి మంచిగుంది.”

తలుపు ఒక్కటే, మెట్ల దిక్కు. పడకగది గోడ అవతల అవే మెట్లు. టోపీ తగిలించే ఉంది. కానీ వచ్చినోళ్లు దాన్ని చూసి ఎటు తిరిగిపోవాలె? అక్కడనే నిలబడి గుసగుసగా పిలుస్తరు. బావకు ఆ గుసగుసలకే మెలకువ. వచ్చినోళ్లు లోపల కూచున్నంతసేపు ఆయన చాప పట్టుకొని మెట్ల మీదికి పోతడట. అంతకు ముందు వారం బాయిలో నిలబడ్డచోటనే కునుకు తీసిండట. పక్కనున్నాయన భుజం పట్టి గుంజిండు, లేకుంటే బొగ్గు మోసుకపోయే బెల్టు మీద పడేటోడు. అక్క ఈ మాట చెప్పేటప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతున్నది, తల ఎత్తలేదు.

“మరి గప్పుడు చెప్పకపోతివి?”

“అడిగితివా? నల్లా ఎన్ని గంటలొస్తది, కప్పు ఏడ కారుతది అని రాసుకున్నవు. ఎనుక తలుపు ముచ్చట అడిగితివా?”

ఒక ఫిర్యాదు కాగితం రాసుకొని కంపెనీ ఇండ్ల ఆఫీసు మీదికి పోయిన.

అక్కడున్న సారు మర్యాదస్తుడే. “ఒక్క తలుపుంటే దొంగల భయం తక్కువ మేడం,” అన్నడు.

“మీరు పగలు పండుకుంటరా సార్?”

“ఆఫీసుల ఎట్ల పండుకుంటం మేడం?”

“మధ్యాహ్నం నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అందుకే అడిగిన.”

నా కాగితం ఫైళ్ల కుప్పలో అట్టడుగుకు పోవడం నా కండ్ల ముందరనే జరిగింది. ఆ నోరు లేకపోతే పని అయ్యేదేమో. నోరు ఉన్నందుకు మాత్రం నేనెప్పుడూ చింతించలేదు.

ఆ ఎండకాలం బావ నిద్రకు ఇంకో శత్రువు దిగింది. కింది అంతస్తులో ఉండే ఆమె మహబూబాబాద్ దిక్కు మనిషి, నర్సింహులపేట దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ భాష మాట్లాడుతరు. భర్తది పొద్దటి డ్యూటీ. అత్తగారి చేనులోంచి వచ్చిన మిరపకాయల బస్తాలు డాబా మీద ఎండబెట్టాలె. పొద్దున గంప నెత్తిన పెట్టుకొని ఎక్కుడు, సాయంత్రం దిగుడు, నడుమ కాయలు తిరగేయనీకి రెండుసార్లు. అక్క ఓపిక పట్టింది, పట్టింది, ఒకరోజు ఎదురుబోయింది.

“నీ మిరపకాయల ఘాటుకు మా ఇంటాయన నిద్రల తుమ్ముతుండు, తెలుసా?”

“నా మోకాళ్లు అరుగుతున్నయ్, అది తెలుసా అక్కా? నీకు డాబా పక్కనే ఇల్లిచ్చిన్రు, నువ్వేం ఎండబెడ్తవ్? నీ మొగుడినా?”

ఈ పోట్లాటను అక్క నాకు ఫోన్లో నవ్వుకుంట చెప్పింది. కాలేజీ పరీక్షలు అయినంక మళ్లీ కొత్త దరఖాస్తు తయారు చేసి పట్టుకపోయిన. ఈసారి వెనక తలుపు గురించే రెండు పేజీలు, ఇంగ్లండు ఉదాహరణలతో సహా.

పైకి ఎక్కితే తలుపు తీసింది తండా ఆమె. అక్క కింద ఉన్నదని చెప్పింది. ఇద్దరూ కలిసి ఆఫీసుకు పోయి, ఇండ్లు మార్చుకుంటమని చెరో సంతకం పెట్టి వచ్చిన్రట. నాలుగు రోజుల్లో అయిపోయింది.

దిగిన. కింది ఇంటి తలుపుకు టోపీ వేలాడుతున్నది. కాళ్లు వాటంతట అవే ఇంటి వెనక్కి తిరిగినయి. అక్కడ తలుపేమీ లేదు. వంటింటి కిటికీ ఊసలు తీసేసి ఉన్నయి, కింద ఇటుకల మీద ఒక పీట. లోపలి నుంచి అక్క చెయ్యి చాపింది.

“ఎక్కు.”

“ఇట్ల చేసుడు ఒప్పుకున్నరా ఆఫీసోళ్లు?” నా గొంతు నా మామూలు గొంతే.

“మెల్లగ! తలుపు పెట్టొద్దన్నరు. కిటికీల నుంచి రావద్దు అనలె.”

“మరి నన్నెందుకు తోల్కపోలేదు ఆఫీసుకు?”

“తొందరగ కావాలని.”

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, నలభై తొమ్మిదేండ్ల లెక్చరర్‌ని, కిటికీలోంచి లోపలికి దిగిన. సంచిలోని కాగితాలు గోడకు గీరుకున్నయి. అక్కకు చెప్పవలసిన మాటలు చాలా ఉండె. నోరు తెరిచేలోపు ఆమె వేలు పెదాల మీద పెట్టి ముందరి గది దిక్కు చూపించింది. అక్కడ బావ గురక పెడుతున్నడు.

పొయ్యి పక్కన కూచొని, గుసగుసలతోనే కొట్లాడిన.